శనివారం బొమ్మ

ఉప్పుగుంటపాళెం హైస్కూల్లో ఆదిశేషమ్మ ఆయా. గదులు ఊడుస్తుంది, గంట కొడుతుంది, ఆటల్లో పడ్డ పిల్లల మోకాళ్లకు పసుపద్దుతుంది. తనకు పిల్లల్లేరు, మొగుడూ లేడు. ఊళ్లో అందరూ ఆమెను పలకరిస్తారు, ఒక్క పోలేరమ్మ తప్ప. అందరి పలకరింపులూ పక్కనబెట్టి ఆ ఒక్క మనిషి కోసమే కొట్టుకుంటుంది ఆమె ప్రాణం. మనసంత వెర్రిది ఇంకోటి లేదు.

పోలేరమ్మది పక్కిల్లే. ఒకప్పుడు ఇద్దరూ చేపల గంపలు నెత్తిన పెట్టుకుని కలిసే అమ్మకానికి పోయేవాళ్లు. ఒకరింట్లో కూర ఉడికితే రెండిళ్లలో అన్నం తినేవాళ్లు. ఆ రోజుల్లోనే ఒక మబ్బు పట్టిన ఉదయం, ఆదిశేషమ్మ మొగుడి పడవలో పోలేరమ్మ మొగుడు చెంగయ్య కూడా వేటకు పోయాడు. పడవ తిరగబడి ఒడ్డుకొచ్చింది, మనుషులు రాలేదు. ఇద్దరి బతుకులూ ఒకే రోజు కూలిపోయినా, ఇద్దరూ కలిసి ఏడ్చింది లేదు. పోలేరమ్మ ఆ రోజు నుంచే మాట మానేసింది. సముద్రంతో మాట మానేస్తే పూట గడవదు, పక్కింటి మనిషితో అయితే ఎన్నేళ్లయినా మానేయొచ్చు.

అలా ఏళ్లు గడిచాక బడికి ప్రొజెక్టరు వచ్చింది. సైన్సు చెప్పే నరేంద్రబాబు దాన్ని పైకప్పుకు ఇనపరాడ్డుతో గబ్బిలంలా తలకిందులుగా బిగించాడు. తెల్లటి పెట్టె. ముందువైపు ఒంటికన్నులాగా అద్దం, రెండు పక్కలా సన్నటి చీలికలు, వెనకవైపు వరసగా బొక్కలు. రెండు మరలతో బిగించే నీలం పిన్నుకొకటి, లాప్‌టాప్ నుంచి వచ్చే చదును పిన్నుకొకటి, ఎరుపు, తెలుపు, పసుపు రంగుల్లో గుండ్రటివి మూడు. వాడేది మాత్రం ఆ చదును పిన్ను ఒక్కటే.

"అన్ని బొక్కలెందుకు సార్, ఒక్కటే వాడేదానికి?" అని అడిగింది ఆదిశేషమ్మ.

"ఎవరి దగ్గర ఏ వైరుంటే అది పెట్టుకుంటారని పెట్టారమ్మా. వాడకుండా ఉంటే ఉప్పుగాలికి చిలుము పట్టిపోతాయి. కాస్త కనిపెట్టుకుని ఉండు."

ఉత్తగా అన్న మాట అది. ఆదిశేషమ్మకు మాత్రం అది ఆజ్ఞ అయి కూర్చుంది, ఎందుకంటే ఆ పెట్టె ఆమెకు చాలా ఇచ్చింది. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక ఊళ్లో ఆడవాళ్లకు ఒక సినిమా వేసే అలవాటు పెట్టాడు సారు. ఎండుచేపల పని ముగించుకుని చాపలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. పోలేరమ్మ కూడా వచ్చేది. కిటికీలు మూస్తే ఎవరి పక్కన ఎవరు కూర్చున్నదీ తెలియదు. ఆ చీకట్లో పోలేరమ్మ నవ్వినప్పుడు ఆదిశేషమ్మా నవ్వేది. బొమ్మలో ఏం జరిగిందో సగంసార్లు చూసేదే కాదు. వారానికి ఒక్కసారి ఇద్దరూ ఒకే మాటకు నవ్వుతున్నారు, అది చాలు ఆమెకు.

అలాంటి పెట్టెకు చిలుము పట్టనిస్తుందా? పడవల వాళ్లకు ఉప్పుగాలి సంగతి ఒకరు చెప్పాలా? సముద్రం మీదికి పోయేటప్పుడు ఫోనైనా బీడీకట్టైనా పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి చొరకుండా రబ్బరు బ్యాండు బిగిస్తారు. ఆదిశేషమ్మ కూడా బెంచీ ఎక్కి పెట్టెకు అలాగే కట్టింది. అద్దం ముందర మాత్రం కవరును గుండ్రంగా కత్తిరించింది. పక్కనున్న చీలికల మీద ఇంకో పొర ఎక్కువ వేసింది, గాలి దూరేది అక్కడే గనక. లోపలి వేడి బయటికి పోయేది కూడా అక్కడే అని ఆమెకెవరు చెప్పారు? సారేమో కింద నుంచే రిమోట్ నొక్కేవాడు, తల పైకెత్తేవాడు కాదు. పల్చటి కవరు, కంటికి ఆనలేదు.

ఆ శనివారం పాత హాస్య సినిమా వేశారు. గదంతా పడీపడీ నవ్వుతోంది. పోలేరమ్మ నవ్వాపుకోలేక పక్కనున్న మోకాలి మీద చరిచింది. చరిచి, చెయ్యి అక్కడే ఉంచేసింది. అది ఆదిశేషమ్మ మోకాలు. ఆమె ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. ఇంతలో కాలిన వాసన వచ్చింది, బొమ్మ ఆరిపోయింది. ఎవరో కిటికీ తెరిచారు. పోలేరమ్మ ఆ మోకాలు ఎవరిదో చూసి చెయ్యి తీసేసుకుంది.

"కవరు కట్టిందెవరు?" అన్నాడు సారు పైకి చూసి.

"నేనే సార్."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. పెట్టెను దింపి నెల్లూరు తీసుకుపోతే, లోపలంతా మాడిపోయింది, ఇక పనికిరాదన్నారట. ఆ సంగతి ఊరంతా తెలిసింది. పోలేరమ్మకు మాత్రం తెలియలేదు. కొడవలూరులో ఉన్న కూతురి దగ్గరికి పోయి, వారం గడవబోతుండగా వచ్చింది.

వచ్చిన రోజు కొళాయి దగ్గర, ముఖం అటు తిప్పుకునే అడిగింది. "ఏం మే, బొమ్మ బాగయిందా?"

బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. ఇన్నేళ్లుగా మనసులో కూర్చిపెట్టుకున్న మాటల్లో ఒక్కటీ ఆదిశేషమ్మకు గుర్తు రాలేదు. బాగవలేదని చెప్తే ఇక శనివారం లేదు, ఆ చీకటీ లేదు, ఆ నవ్వూ లేదు.

"బాగయిందక్కా. రేపు వెయ్యబోతుండారు. రా" అంది.

మర్నాడు సారు ఇంటికి పోయాక గది ఊడ్చి, చాప పరిచి, కిటికీలు మూసింది. పిచ్చిపనే. అది ఆమెకూ తెలుసు. కాసేపు చీకట్లో పక్కన కూర్చుంటే, ఆ తర్వాత ఎలాగో చెప్పుకోవచ్చనుకుంది.

పోలేరమ్మ వచ్చింది. గడపలోనే ఆగి పైకి చూసింది. ఇనపరాడ్డు ఒక్కటే వేలాడుతోంది.

"అబద్ధం చెప్పినావు గదా మే."

"నిజం చెప్తే రావని చెప్పినానక్కా. నువ్వు రాకపోతే నాకెవరుండారు?" అంటూనే ఆదిశేషమ్మకు ఏడుపొచ్చేసింది.

పోలేరమ్మ గడప దాటలేదు. అరవలేదు. మెల్లగా అంది.

"ఆ పొద్దు నీ మొగుడు గూడా మా వాకిట్లో నిలబడి ఇట్నే చెప్పినాడు. ఏం గాలి రాదు, రా అన్నా అని మా ఆయన్ని పిల్చినాడు. మబ్బు పట్టుండేది నీ మొగుడికీ కనబడతానే ఉన్నింది. ఒక్కడే పోలేక చెప్పినాడు."

చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో పోలేరమ్మ తనతో అన్ని మాటలు మాట్లాడింది ఇదే మొదటిసారి. ఆదిశేషమ్మ కిటికీలు తెరవలేదు. సాయంత్రం దాకా ఆ చాప మీదే, తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది.