మైకు ఆగిపోయిన పూట

నేను కోరమండల్ అనే బంగారు గనుల ఊళ్ళో, కార్మికుల లైను ఇళ్ళలో పెరిగాను. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే పల్చటి గోడ. నైట్‌షిఫ్టు చేసొచ్చిన నాన్న, పక్కింటి మామ పగలంతా నిద్రపోయేవారు. అందుకని నా సంగీత సాధనంతా గొంతు తగ్గించుకునే సాగింది.

పోయినేడు సంగీతం క్లాసు పెట్టాలని పక్కనున్న రాబర్ట్‌సన్‌పేటలో ఒక హాల్లో పిల్లల తల్లిదండ్రుల ముందు పాడాను. కీర్తన ఎత్తుకున్నానో లేదో కరెంటు పోయింది. మైకు ఆగిపోయింది.

"ఏం పాడతా ఉండావో ఈడిదాకా వినబళ్ళేదమ్మా! ఇంగ పిల్లోళ్ళకేం నేర్పిస్తావు?" అని వెనక వరుసలోంచి ఒకాయన అరిచాడు. అందరూ నవ్వారు. గొంతు పెంచబోతే జీరపోయింది. ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్ళూ మండింది. పాట ఆపకుండా వేదిక దిగి, నడిచి వెళ్ళి సరిగ్గా ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాను. నా మామూలు గొంతుతోనే చరణం అందుకున్నాను. ఫ్యాన్లు కూడా ఆగిపోయాయి కాబట్టి హాలంతా నిశ్శబ్దంగా ఉంది. ముందు వరుసల వాళ్ళు కుర్చీలు మావైపు తిప్పుకున్నారు.

పాట అయ్యాక ఆయన, "ఇంత మెల్లగా పాడేది యాడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు. లైనింటి సంగతి చెప్పాను.

"మేమూ లైనింట్లోనే ఉండాము. మా అమ్మ జబ్బుతో మంచంలో ఉండాది. మా పాప సాధన ఎట్లా చేస్తుందా అని యోచన చేస్తా ఉంటి. నువ్వే దానికి పాట చెప్పియ్యమ్మా" అన్నాడు.

ఇప్పుడు గొంతెత్తి పాడటమూ సాధించాను. అయినా కొత్తగా చేరినవాళ్ళకు తొలి పాఠం నేలమీద, వాళ్ళ ఎదురుగా కూర్చునే చెబుతాను. కరెంటు ఉన్నా సరే, ఆ రోజు మైకు ముట్టను.