ఆ పాట కట్టింది నేను కాదు, మల్లేశం

నిన్న పొద్దున హజీరా వెళ్లే కంపెనీ బస్సులో ఉండగా మెసేజ్ వచ్చింది.

"మల్లేశమన్న పోయిండు. హార్ట్ ఎటాక్."

మూడుసార్లు చదివాను. నా మొహం చూసి పక్క సీటు కొలీగ్ ఏమైందని అడిగాడు. తెలిసినాయన ఒకరు చనిపోయారన్నాను.

తెలిసినాయన.



మల్లేశమన్న మీలో చాలామందికి తెలియదు. సిరిసిల్ల దగ్గరి పల్లె. రాష్ట్రం దాటి వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ మగ్గాలుండే ఖటోదరాలో ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేశాడు. మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి. అందుకే మాట్లాడినా, పాడినా గట్టిగానే.

ఆదివారాలు వాళ్ల రూములో భజన ఉండేది. ఒక ఫ్రెండ్ తీసుకెళ్తే అక్కడే ఆయన పాట మొదటిసారి విన్నాను.

అందరూ దేవుడి పాటలు పాడారు. అన్న మాత్రం తన కూతురి మీద కట్టిన పాట పాడాడు.

లత ఊళ్లో పుట్టినప్పుడు అన్న ఇక్కడ డ్యూటీలో ఉన్నాడు. సెలవు దొరికి వెళ్లేసరికి పాపకు నాలుగో నెల. ఆ నాలుగు నెలలూ మగ్గం దెబ్బకు మాట కలుపుతూ ఒక్కో చరణం కట్టుకున్నాడు. ఆ మోతలో తన గొంతు తనకే వినపడేది కాదట. గొంతు మీద చెయ్యి పెట్టుకుని, అదిరితే పాట వస్తోందని తెలుసుకునేవాడట. బిడ్డ పెద్దదయ్యాక తనకే వినిపించాలని ఊళ్లో ఎప్పుడూ పాడలేదట.

"పోగులెన్నో లెక్కవెడితి బిడ్డా,
నీ చేతి వేళ్లు లెక్కవెట్ట రాకపోతి"

 ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటానంటే సంబరంగా రెండుసార్లు పాడాడు.

ఆరేళ్ల కింద మా టౌన్‌షిప్ ఫంక్షన్‌లో ఆ పాట నేను పాడాను. మీలో చాలామంది అక్కడ ఉన్నారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. యాంకర్ నా దగ్గరికి వచ్చి, లిరిక్స్, ట్యూన్ ఎవరివని అడిగింది.

"నావే" అన్నాను.

ముందే అనుకుని ఆడిన అబద్ధం కాదు. కానీ సరిదిద్దుకోవడానికి నాకు ఆరేళ్ల టైమ్ ఉంది.

వీడియో అన్ని గ్రూపుల్లో తిరిగింది. అప్పుడే స్వప్నతో నా సంబంధం మాటల్లో ఉంది. వాళ్లింట్లో అందరూ చూశారు. ఇంత మనసుపెట్టి పాట రాసినవాడు చెడ్డవాడు కాడని స్వప్న సరేనందని కబురు వచ్చింది.

ఆ వారమే ఆదివారం మధ్యాహ్నం అన్న మా క్వార్టర్‌కు వచ్చాడు. కార్ఖానాలో ఎవరో వీడియో చూపించారట. గొడవ పడతాడనుకున్నాను. టీ తాగాడు. మంచిగ పాడినవన్నాడు. రెండో చరణంలో ఒక మాట తప్పు పోయిందని, పాడి వినిపించి సరిచేశాడు.

అప్పుడైనా సిగ్గుపడాల్సింది.

పెళ్లి మాటలు నడుస్తున్నాయి, జర ఎవరికీ చెప్పకన్నా అని బతిమాలాను.

అన్న కప్పు కింద పెట్టాడు.

"ఎన్ని దినాలు సారూ?"

"పెండ్లయ్యేదాక."

"మంచిది" అని లేచి వెళ్లిపోయాడు.

పెళ్లికి ఆయన్ని పిలవలేదు. వస్తే ఎక్కడ పాడతాడో అని భయం.

పెళ్లయిన రెండేళ్లకు ఫోన్ చేశాడు.

"సారూ, ఇగ చెప్పొచ్చునా? మా బిడ్డకన్న చెప్త."

ఇంకొన్నాళ్లు ఆగమన్నాను. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేను కూడా ఖటోదరా వైపు పోవడం మానేశాను.

నిన్న సగం దారిలో బస్సు దిగి, ఆటో పట్టుకుని ఆ రూముకు వెళ్లాను. అన్నను ఊరికి తీసుకెళ్లే అంబులెన్స్ గల్లీలో రెడీగా ఉంది. అన్న రూమ్మేట్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి, ఇంజనీర్ సారొచ్చిండని చెప్పి ఫోన్ నా చేతికిచ్చాడు.

అవతల లత. ఇప్పుడు పదహారేళ్లు. ఏడుస్తూ కూడా ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"సార్, మీ పాటంటే మా నాయినకు పానం. పని కాడ ఎప్పుడు గదే పాడుతుండెనట."

మీ పాట అంది.

కన్నకూతురికి కూడా చెప్పలేదు ఆయన. నాకిచ్చిన మాట మీద ఆరేళ్లు నిలబడ్డాడు.

నేను "ఆఁ అమ్మా" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాను. అంతే. ఆయన ముందు నిలబడి కూడా నా నోరు లేవలేదు.

సాయంత్రం స్వప్నకు మొత్తం చెప్పాను. ఏ పాట చూసి నన్ను నమ్మిందో అది నాది కాదని చెప్పాను.  ఆమె ఒకటే అడిగింది.

"ఆ పిల్లకు చెప్పినవా?"

లేదన్నాను.

"ముందుగాల ఆమెకు చెప్పు. మన సంగతి తర్వాత."

ఈరోజు పొద్దున లతకు ఫోన్ చేశాను. పాట వాళ్ల నాన్నదని, చెప్పొద్దని ఆయన నోరు కట్టేసింది నేనేనని చెప్పాను. ఆయన గొంతుతో ఉన్న రికార్డింగ్ పంపుతానన్నాను.

 లత మెల్లగా అడిగింది.

"గా పాటల ఉన్న బిడ్డను నేనేనా సార్?"

"నువ్వేనమ్మా."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేసే ధైర్యం నాకు లేదు.

నా వీడియో తీసేశాను. ఆ పాటకు నన్ను మెచ్చుకున్న ప్రతి ఒక్కరికీ చెప్తున్నాను. మాటలు, ట్యూన్, అన్నీ మల్లేశమన్నవే.

దయచేసి కింద నన్ను ఓదార్చకండి. నిజం చెప్పావని పొగడకండి. ఆయన బతికుండగా ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

పోయి రా మల్లేశమన్నా.
నీ పానం నిమ్మళంగ ఉండాలె.