పాత కర్ర తీయకముందే

పొద్దున స్విచ్ వేస్తే, విశ్రాంతమ్మ టీ పెట్టుకుని తాగి, గ్లాసు కడిగి వచ్చేదాకా కంప్యూటరు తెర మీద బొమ్మ తేలదు. టేకులపల్లిలో ఇంటి ముందు గదే ఆమె టైపింగ్ దుకాణం. జాకెట్లు కుట్టీ కుట్టీ మెడ పట్టేసిన రోజుల్లో, భర్త జకర్యాకు బొగ్గుబాయిలో వచ్చిన బోనస్‌తో కొన్న కంప్యూటరు అది. పోడు పట్టాల అర్జీలు, చర్చి పాటల కాగితాలు కొట్టి ఇద్దరు ఆడపిల్లల్ని నర్సింగ్ చదివించింది.

కొత్తది కొనాలని ఎప్పటినుంచో ఉంది. బొగ్గుబాయి ఇళ్లలో పెద్ద వస్తువేదైనా దసరా బోనస్ వచ్చాకే. జకర్యా రిటైరైనా ఆ అలవాటు పోలేదు. దసరా దాటేసరికి మెమొరీ ధర మండిపోయి, కంప్యూటర్ల రేట్లన్నీ దానితోపాటే లేచాయి.

ఖమ్మంలో అడిగి వచ్చి విశ్రాంతమ్మ గడపలోనే కూలబడింది. "పాతది ఇచ్చిపోతే కొంత తగ్గిస్తరంట. కొత్తది వచ్చే వారం వస్తదంట. జల్దీ చెయ్యకుంటే ఇంకా పెరుగుతదంట."

కొంటే కాగితానికి రేటు పెంచాలి. అడవి ఊళ్ల నుంచి ఆటో కిరాయి పెట్టుకుని వచ్చేవాళ్లను ఎక్కువ అడగడానికి ఆమెకు నోరు రాదు. అడగకపోతే కిస్తీ కట్టలేక దుకాణం మూసుకోవాలి.

జకర్యా వేలి గణుపులతో కంప్యూటరు డబ్బాను టకటకా కొట్టి చెవి పెట్టాడు.

"ఏందయ్యా, నీ బాయి పైకప్పు అనుకున్నవా?"

"పైకప్పు అయితే జవాబు చెప్పేది. ఇది నీ లెక్కనే, అలిగితే మాట్లాడదు."

అతను టింబర్‌మన్. బాయిలో పైకప్పును తట్టి చప్పుడు వినడం, అది కూలకుండా కర్రలు నిలబెట్టడమే జీవితమంతా చేశాడు. పాత కర్ర పుచ్చినా సరే, పక్కన కొత్తది నిలబెట్టి బిగించాకే దాన్ని తీసేవాడు.

"కొత్తది రాకముందే పాతది అప్పజెప్తవా? ఆ వారమంతా నీ దగ్గరకొచ్చినోళ్లు ఎటు పోవాలె?" అన్నాడు. ఆ సాయంత్రమే ఇల్లందు నుంచి కంప్యూటర్లు బాగుచేసే రూప్లాను పిలిపించాడు.

రూప్లా డబ్బా విప్పి నవ్వాడు. "పెద్దమ్మా, లోపల బల్లి సంసారం పెట్టింది."

"కిరాయి గిట్ల ఇస్తదా?" అన్నాడు జకర్యా.

"దీంట్ల పట్టే మెమొరీ పాత రకం పెద్దమ్మా. కొత్త మిషన్లకు పనికిరాదు, గందుకే అగ్గువ. పాత మిషన్లు విప్పి తీసింది నా దగ్గర ఉంది, ఏస్త. డిస్కు గూడ మారుస్త. ఇంకొన్నేండ్లు లాగుతది."

"మరి కొత్తదెప్పుడు కొనాలె నాయనా?"

"అర్జీల సైటు దీంట్ల తెరుచుకోని రోజు కొను. దుకాణపోని తొందర మనకెందుకు? కొత్త విండోస్ మాత్రం దీనికి ఎక్కదు. బ్యాంకు పని దీంట్ల భద్రం కాదు, పెట్టుకోకు."

ఆ రాత్రే రూప్లా రెండూ మార్చి వెళ్లాడు. మర్నాడు పొద్దున ఆమె స్విచ్ వేసి పొయ్యి దగ్గరికి వెళ్లింది. "బొమ్మ వచ్చిందే, వచ్చింది!" అని జకర్యా కేక. నీళ్లింకా వేడెక్కనే లేదు. పరుగున వచ్చి డబ్బా మీద చెయ్యి వేసి, "స్తోత్రం ప్రభువా" అనుకుంది. వెంటనే ఆ స్తోత్రంలో రూప్లా పేరు, దేవుడేమీ అనుకోడన్న నమ్మకంతో, పక్కన మొగుడి పేరు కూడా చేర్చింది.

వాకిట్లో అడవి లోపలి ఊరి హేమ్లా, చేతిలో మడత కాగితం. "అమ్మా, రేటు పెరిగిందంట గదా?"

"ఎవరన్నరు? లోపలికొచ్చి కూసో."

ఆమె వంటింట్లోకి వెళ్లి, టీ నీళ్లలో ఇంకో గ్లాసు నీళ్లు పోసింది.