మునగకాయంత కేబుల్‌లో తంబురా

నా చెవుల మీద నాకున్న గర్వమంతా ఒక ఆదివారం పొద్దున్న, గాజువాకలోని మా సొంత హాల్లో, మా ఆవిడ అన్నయ్య ఎదుటే నిలువునా మునిగిపోయింది. ఎలా మునిగిందో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నాకు పాటల పిచ్చి పోయి, పాటలు వినిపించే సామాను పిచ్చి పట్టింది. స్పీకర్లు కొన్నాను, ఆంప్లిఫయర్ మార్చాను, చివరికి మునగకాయంత లావున్న కేబుల్ తెప్పించాను. అది నేలకు తగిలితే శబ్దం పాడవుతుందని ఎక్కడో చదివి, మా ఆవిడ వరాలు వాడే చపాతీ పీట లాక్కొచ్చి దాని కింద పెట్టాను. కొత్త కేబుల్ మగ్గాలట, అందుకని రోజుల తరబడి వీణ కచేరీ ఆపకుండా మోగించాను. మామిడిపళ్ళనైనా ఎవరూ అంత శ్రద్ధగా మగ్గబెట్టరు.

వరాలు అన్నయ్య పేరు సింహాచలం. ఆయన దువ్వాడలో కొత్త ఇల్లు కట్టుకుని, నేను ఏది చెబితే ఆ సిస్టమే కొంటానని వచ్చాడు. అత్తవారి వైపు నుంచి నన్ను సలహా అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ మర్యాద నిలబెట్టుకోవాలి కదా. వంటింట్లోంచి చిన్న చప్పుడైనా రాకూడదని వరాలుకి గట్టిగా చెప్పి, తలుపులన్నీ మూసి, బావను సోఫాకి సరిగ్గా నడుమ కూర్చోబెట్టాను.

"కళ్ళు మూసుకో బావా. వీణ ఎనకాల సన్నగా ఏటైనా ఇనిపిత్తందా?"

"జుమ్మని ఏదో ఇనిపిత్తంది."

నాకూ వినిపించింది. ఒళ్ళు పులకరించింది.

"అదే తంబురా. మామూలు తీగల్లో రాదది. ఈ కేబుల్ ఏసినాకే బయటపడింది."

అంతలో తంబురా ఆగిపోయింది. వీణ మాత్రం హాయిగా సాగుతోంది. నాకు చెమటలు పట్టాయి. గబగబా వంగి కేబుల్‌ను పీట మీద కాస్త ఎడమకు జరిపాను. జుమ్మని మళ్ళీ మొదలైంది.

"సూసినావా? రవ్వంత జరిగితే సాలు, తంబురా మాయం."

"మా ఇంట్లో పిల్లలు తిరుగుతారు బావా. రెండు పీటలెట్టాలేటి?"

"మూడెట్టు," అన్నాను.

బావ ఫోన్ తీశాడు. "కేబుల్ పేరేటో సెప్పు. ఇప్పుడే ఆర్డర్ ఎట్టేత్తాను."

కేబుల్ ఊడదీసి దాని మీద పేరు చూపిద్దామని ఆంప్లిఫయర్ ఆపేశాను. వీణ ఆగింది. తంబురా ఆగలేదు.

ఇద్దరం స్పీకర్ల వంక చూశాం.

"ఆపేసినా వత్తంది బావా," అన్నాడు భక్తిగా.

ఇదిగో, సరిగ్గా ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

"మంచి కేబుల్ కదా. లోపల మిగిలిపోయిన నాదం మెల్లగా దిగుతాది."

అది దిగలేదు. దిగకపోగా ఘుర్రుమని గొంతు పెంచింది. అప్పుడు వెనక గది తలుపు తెరుచుకుని వరాలు బయటికొచ్చింది. మోచేతుల దాకా మినప్పిండి.

"సప్పుడు సెయ్యొద్దన్నారని గ్రైండర్ ఎనక గదిలో ఎట్టినాను. పిండి తొయ్యడానికి మద్దిలో ఆపుతన్నాను కూడా. మీకేటైనా ఇనపడిందేటి?"

బావ నావైపు చూడలేదు. ఆర్డర్ పెట్టడానికి తీసిన ఫోన్ అలాగే పట్టుకుని, చెల్లెలి వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగాడు.

"అమ్మీ, ఆ గ్రైండర్ ఏ కంపెనీది?"

అదే కొన్నాడు. నేను మాత్రం వేడి గారె చేత్తో పట్టుకుని ఆ రోజే ఒట్టు వేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఎంత దివ్యమైన నాదం వినిపించినా సరే, ముందు లేచి వెళ్ళి ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి వచ్చాకే తల ఊపుతాను.