రోడ్డు లేని గూడేనికి విచారణ

విచారణ కమిటీలో ఒక ఆడమనిషి ఉండాలన్నారు. కాలేజీలో పాఠాలు చెప్పుకునే నన్ను వేశారు. నా నోటి సంగతి తెలిసే వేశారో, తెలియక వేశారో ఇప్పటికీ అంతుపట్టదు.

ఒక కంపెనీ గ్యాస్ కోసం అడవిలో బోరు దించాలనుకుంది. గుర్తు పెట్టిన చోటికి ఆనుకునే గోండు గూడెం వాళ్ల దేవుడుండే ఇప్పచెట్ల తోపు ఉంది. వాళ్ల అభిప్రాయం వినడానికి విచారణ పెట్టారు. గూడెంలో కాదు, చెన్నూరులో, ఆఫీసు హాల్లో. నడిచి నడిచి వచ్చినవాళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"మీకేమైనా అభ్యంతరమా?" అన్నాడు విచారణ అధికారి.

ఎవరూ పలకలేదు. వాళ్ల పెద్ద, గూడెం పట్లా, నేల చూస్తున్నాడు.

"అభ్యంతరం లేదని రాసుకో," అన్నాడు అధికారి గుమాస్తాతో.

"జర ఆగుండ్రి సార్," అని పట్లా వైపు తిరిగాను. "మాట్లాడవేందే?"

"దేవుని ముచ్చట దేవుని ముంగటనే చెప్పాలె బాయీ. గీడ కుర్చీల నడుమ చెప్పం. తప్పయితది."

"అయితే విచారణ గూడెంలనే పెట్టుండ్రి," అన్నాను అధికారితో.

"జీపు పోదు మేడం. రోడ్డు లేదు."

"జీపు పోని తావుకు బోరు మిషిన్ ఎట్ల పోతది సార్? ఎగురుకుంట పోతదా?"

హాలంతా నవ్వింది. అధికారి కూడా నవ్వాడు.

"మంచి మాటన్నారు. రోడ్డు కంపెనీ వేస్తుంది. వేశాక విచారణ గూడెంలోనే పెడదాం, మీరు కోరినట్టే."

"ఏ దిక్కుకెళ్లి ఏస్తరు?" పట్లా మొదటిసారి తలెత్తాడు.

కంపెనీ మనిషి మ్యాపు మీద వేలు పెట్టాడు. ఒక పక్క వాగు, ఒక పక్క గుట్ట. మిగిలిన దారి తోపులోంచే.

గొంతు పోయేదాకా వాదించాను. వాగు మీద వంతెన కట్టమన్నాను. కాలినడకన రమ్మన్నాను. "నడవనని మొక్కుకున్నరా సార్?" అని కూడా అన్నాను. ఆయనకు కోపం రాలేదు.

"ఇంత చర్చ జరగడం మంచిదే మేడం. విచారణ సక్రమంగా జరిగినట్టు."

లేచి పోదామనుకున్నాను. పోతే అభ్యంతరం లేనట్టే. ఉంటే రోడ్డు. కుర్చీకి అతుక్కుని కూర్చున్నాను.

పట్లా లేచాడు. "రోడ్డద్దు. ఈడ్నే చెప్త. తప్పు నా నెత్తిమీద పడనియ్యిండ్రి."

వెనకనుంచి ఎవరో ఆయన ధోవతి పట్టి లాగారు. ఆయన ఆగలేదు. రుమాలు సర్దుకుని, "అందరు చెప్పులిడువుండ్రి," అన్నాడు.

నేను విడిచాను. బల్ల కింద అధికారి బూట్లు కదలలేదు.

"చెప్పు, వింటున్నాం."

పట్లా ఆ బూట్లనే చూస్తూ నిలబడ్డాడు.

"అవి ఇడిసేదాంక ఆయన చెప్పడు సార్," అన్నాను.

"చెప్పకపోతే ఏమని రాసుకోవాలో మీరే చెప్పండి మేడం."

గుమాస్తా కలం పట్టుకుని నా వైపు చూశాడు.