దగ్గు తీసేసిన సినిమా

మా బావ మైకుసెట్లు బాగుచేస్తాడు. సౌండు బాక్సుకు చెవి ఆనించి లోపల ఏ తీగ ఊడిందో చెప్పేస్తాడు. అందుకే బజారులో అందరూ ఆయన్ను చెవుల మేస్త్రీ అంటారు. మా అక్క నాలుగుసార్లు పిలిస్తే గాని పలికేవాడు కాదు కాబట్టి, నేను మాత్రం ఎదురుగానే చెవిటి మేస్త్రీ అనేదాన్ని. మరదలిని గనుక చెల్లింది. ఇప్పుడు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

సినిమా తీస్తానని నా కొడుకు మూడేళ్లు నా ప్రాణం తోడాడు. చివరికి ఒక కెమెరా అద్దెకు తెచ్చి మా ఇంట్లోనే మొదలుపెట్టాడు. నటులను పెట్టుకునే స్తోమత లేదు గనుక చుట్టాలం దొరికాం. తల్లి వేషం అక్కది. మైకు పట్టుకునేది బావ. బట్టల ఇస్త్రీ, టీలు నావి. ఉన్న ఒక్క గదికే పరదాలు మార్చి మార్చి నాలుగిళ్లు అనిపించాం.

మూడో రోజు నుంచి అక్కకు దగ్గు పట్టుకుంది. మాట మధ్యలో దగ్గు వచ్చేది. బావ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, "మళ్లీ పాడైంది, ఇంకోసారి" అనేవాడు. కెమెరా ఇరవై రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. అప్పుడు మావాడికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు ఆపుకోకు. కథలో అమ్మకే దగ్గుందని రాసేస్తా" అన్నాడు.

అందరం చప్పట్లు కొట్టాం. అక్క కూడా నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ ఆ దగ్గును దగ్గుగా వినలేదు. ఇందాకటి కంటే ఇదే బాగా వచ్చిందని మెచ్చుకున్నాం. డాక్టరు దగ్గరికి వెళ్దామని నేనంటే, "షూటింగు కానివ్వవే, ఇప్పుడు తగ్గిపోతే సినిమా ఏమైపోతుంది?" అంది. పిచ్చిది, నిజంగానే అంది. నేను ఆ మాట విని టీ పెట్టడానికి వెళ్లాను.

షూటింగు ముగిసిన రెండు నెలలకు అక్క పోయింది. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయని, ఇంకాస్త ముందు తీసుకురావాల్సిందని డాక్టరు అన్నారు. బావ తల దించుకుని విన్నాడు. ఆయన మీద కోపంతో నెల రోజులు మాట్లాడలేదు నేను. నా మీద కోపం ఎవరితో చెప్పుకోను?

ఏడాదికి ఒక చిన్న హాలువాళ్లు సినిమాను మూడు రోజులు పొద్దుటి ఆట వేస్తామన్నారు. ఆట అవగానే చూసినవాళ్ల చేత చీటీల మీద అభిప్రాయాలు రాయించాలి. రెండో రోజుకు నాలుగు మంచి మాటలు రాకపోతే ఎత్తేస్తామన్నారు. చీటీల డబ్బా పట్టుకుని గుమ్మంలో నేనే నిలబడ్డాను.

మొదటి రోజు ముప్ఫైమంది వచ్చారు. బావ ఒక్కో చీటీ పైకి చదివాడు. "పరదాలు బాగున్నాయి, ఇల్లే ఒకటి." దానికి నాకూ నవ్వొచ్చింది. తర్వాత, "తల్లి దగ్గు అతిగా ఉంది." ఇంకొకటి, "ఆవిడకు దగ్గడం కూడా రాదు." అలాంటివే పదకొండు. బావ ఒక్కటీ వదలకుండా చదివాడు.

"వాళ్లకు తెలీదు కదా పెదనాన్నా, అసలు సంగతి ముందే తెర మీద వేసేద్దాం" అన్నాడు మావాడు.

"వద్దురా. జాలిపడి మెచ్చుకుంటారు. దానికి జాలంటే గిట్టదు. దగ్గు తీసేస్తా."

"తీశావంటే నా మీద ఒట్టే! అదొక్కటే అందులో నిజం" అని అరిచాను.

"సినిమా ఎత్తేస్తే దాని ముఖం ఇంకెవరు చూస్తారే?" అన్నాడు బావ.

మధ్యాహ్నం అన్నం తీసుకుని బావ మైకుసెట్ల కొట్టుకు వెళితే, కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారిద్దరూ. దగ్గు ఎక్కడెక్కడుందో బావ చెబుతుంటే మావాడు బొమ్మ కత్తిరిస్తున్నాడు. ప్రతి దగ్గూ ఏ మాట తర్వాత వస్తుందో బావకు కంఠతా వచ్చు. షూటింగు అయ్యేదాకా చెవుల్లోనే విన్నాడు మరి. నన్ను చూసి హెడ్‌ఫోన్లు నా తలకు పెట్టాడు. అక్క మాట్లాడుతోంది. ఎక్కడా ఆగకుండా, ఆయాసం లేకుండా, నాకు జడ వేస్తూ కబుర్లు చెప్పిన రోజుల్లోలా మాట్లాడుతోంది. హెడ్‌ఫోన్లు తీసి ఆయన చేతిలో పెట్టేశాను.

"ఎంత తేలిగ్గా పోయిందో చూడు" అన్నాడు బావ.

రెండో రోజు చీటీల్లో మంచి మాటలే ఎక్కువ వచ్చాయి. హాలు మెట్ల మీద నిలబడి బావ ఎప్పటిలాగే పైకి చదువుతూ వచ్చాడు. "తల్లిగా వేసినావిడ చాలా బాగా చేశారు. మేం మెచ్చుకున్నామని ఆవిడకు తప్పకుండా చెప్పండి."

అది మళ్లీ చదవబోయాడు. అక్క పోయిన రోజు కూడా కన్నీరు పెట్టని మనిషి, గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

హాల్లోంచి ఆఖరున బయటికొచ్చిన ఒకావిడ ఆగి, ఆయన్ను ఎగాదిగా చూసి, "మరీ అంత ఏడిపించే సినిమా ఏం కాదండీ" అంది.

ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించింది. చీటీల డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాను.