ఇరవై రెండో నిమిషంలో తప్పించిన దెబ్బ

ఆ రోజుల్లో నేను నవ్వేవాణ్ని కాదు. డీజే అన్నవాడు నవ్వకూడదని, జనం వైపు చూడకూడదని, సినిమా పాటలు అసలే వేయకూడదని నాకు గట్టి నమ్మకం. బెంగళూరులో చదివే స్నేహితుడు తెచ్చిన సీడీల్లో పాటే లేని సంగీతం విన్నాక పుట్టిన నమ్మకం అది. గంటసేపు ఒకటే దరువు, మధ్యలో ఎక్కడో ఒక చిన్న మార్పు. ప్రొద్దుటూరులో దాన్ని వినేవాళ్లం నలుగురం (నిజానికి ముగ్గురం, నాలుగోవాడు మా అమ్మ చేసే కాఫీ కోసం వచ్చేవాడు). పోస్టర్లు అంటిస్తే విలువ పోతుందని, నోటిమాటగా తెలిసి వచ్చినవాళ్లకే వాయించాలని తీర్మానించుకున్నాం. అలాంటివాణ్ని అండర్‌గ్రౌండ్ డీజే అంటారని చెప్పిందీ ఆ స్నేహితుడే.

నాకు గురువంటూ లేడు. ఉన్నదల్లా మా వీధి చివర మరమగ్గాల షెడ్డు. గోడ పక్కన నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ ఒక మగ్గం చప్పుడు లెక్కపెడితే నిమిషానికి నూట ఇరవై ఆరు వచ్చింది. సీడీలోని దరువూ సరిగ్గా అంతే (నాలుగోసారి లెక్కలో ఒకటి తగ్గింది, అది గడియారం తప్పు). ఆ చప్పుడును టేపురికార్డరులో పట్టి, కంప్యూటర్లో ముక్కలు చేసి, గంట కార్యక్రమం తయారుచేశాను. ఏ నిమిషంలో ఏం జరగాలో గళ్ల నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇరవై రెండో నిమిషంలో దరువులో ఒకే ఒక్క దెబ్బ తప్పించాలి. ఆ గడిలో ఎర్ర సిరాతో ‘జనం లేస్తారు’ అని రాశాను.

పులివెందులలో బట్టల కొట్టున్న మా మేనమామకు నన్ను ఆ కొట్లో కూర్చోబెట్టాలని కోరిక. నాకేమో బెంగళూరు వెళ్లి డీజేగా బతకాలని. చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు.

“జమ్మలమడుగులో తెలిసినోళ్ల హాలు ఖాళీగా ఉండాది. ఆదివారం మధ్యాన్నం వాయించు. ఇరవై మంది కుర్చీలిడిసి లేసినారంటే బెంగళూరు పో, ఖర్చు నాది. లేకుంటే సోమవారం కొట్టుకు రా.”

“సరే మామా. ఎవర్నీ పిలవొద్దు మరి.”

“పిలవకుండా ఎవురొస్తారప్పా, ఈగలా?”

ఆయన తనకు చీరలు నేసిచ్చే మరమగ్గాల షెడ్లలో కబురు చెప్పాడు. ఆదివారం అక్కడి పనివాళ్లకు సెలవు. ఇరవై ముగ్గురు వచ్చారు. నేను తల వంచుకుని, నోటుపుస్తకం ఎదురుగా పెట్టుకుని మొదలుపెట్టాను. పది నిమిషాలకు ముందు వరసలో మాటలు వినిపించాయి.

“సెలవునాడు గూడా ఇదే సప్పుడా?”

“ఉండప్పా, పాట వస్తాదేమో.”

“యాడొస్తాది? శానాసేపటి నుంచి మోటరే ఆడతాంది.”

నేను తలెత్తలేదు. ఇరవై రెండో నిమిషం రాగానే దెబ్బ తప్పించాను. కుర్చీలు కిర్రుమన్నాయి. చూస్తే ఇరవై ముగ్గురూ నిలబడి ఉన్నారు. బతుకులో ఏ లెక్కా నాకు మళ్లీ అంత కచ్చితంగా కుదరలేదు. అయితే ఒక్కరూ ఎగరడం లేదు. ఒక పెద్దాయన నేరుగా నా దగ్గరకొచ్చి స్విచ్చు కోసం వెతకసాగాడు.

“ఆపబ్బీ, ముందు ఆపు. పోగు తెగినట్టుండాది.”

“ఇది మగ్గం కాదు పెద్దాయనా, సంగీతం.”

“ఏందైనా గానీ. తెగినాక ఆడిస్తే గుడ్డంతా పాడైపోతాది.”

వెనక మిగతావాళ్లు వంగి స్పీకర్ల కింద చూస్తున్నారు. మగ్గం చప్పుడు మారితే ఆలోచించకుండానే లేచే కాళ్లు వాళ్లవి.

మామ గుమ్మం దగ్గర నిలబడి వేలు చూపిస్తూ అందరినీ లెక్కపెట్టాడు. “ఇరవై మూడు. లేయాలంటిని గానీ ఎగరాలని నేనన్లేదు. పో అల్లుడా, బెంగళూరు పో.” నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కానీ మగ్గం బాగుచేయడానికి లేచినవాళ్లను శ్రోతల లెక్కలో ఎలా వేసుకోను? నోటుపుస్తకంలో ఆ ఎర్ర సిరా గడిలో సున్నా రాసి, సోమవారం పొద్దున్నే పులివెందుల బస్సెక్కాను.

ఇప్పుడు ఆ కొట్టు నేనే చూసుకుంటున్నాను. మొన్న మా అమ్మాయి ఫోన్లో ఒక డీజే కార్యక్రమం చూపించింది. మైదానం నిండా జనం ఎగురుతున్నారు. ఒకచోట దరువు తడబడింది. ఎవరూ గమనించలేదు, ఎగురుతూనే ఉన్నారు. జమ్మలమడుగులో నా ముందు కూర్చున్న ఇరవై ముగ్గురూ ఒక్క దెబ్బ తప్పగానే ఒక్కసారిగా లేచారు. అంత శ్రద్ధగా విన్నవాళ్లకు సున్నా వేసిన ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. డీజే నవ్వకూడదన్నది వాడి నియమం కాబట్టి, వాడి బదులు నేనే నవ్వుకుంటాను.